ముప్పై ఒక్క పేర్లు

8-2-82, సోమవారం. తిరుపతి

ఈ రోజు ఉదయం విశేషమేమీ లేదు. అయినా రాసిపెట్టుకోవాలనిపించింది. నాలుగున్నరకు లేచి స్నానం చేసి దీపం పెట్టాను. పాలు వచ్చేసరికి ఆరయింది. మరదలు నిర్మల డికాషన్ దించింది. తమ్ముడు ధనంజయ వరండాలో చాప మీద నీళ్ల సీసాలు వరుసగా పెట్టుకుని కూర్చున్నాడు. ఎర్రకండ్రిగ ఊరి బోరు నీళ్లు. నేను చీటీలకు మైదా జిగురు రాసి ఇస్తుంటే వాడు అంటించి నంబర్లు వేశాడు. కాఫీ చల్లారిపోతే మళ్లీ వేడి చేసి ఇచ్చాను. తొమ్మిదికి సైకిలెక్కి కాలేజీకి వెళ్లాడు. కెమిస్ట్రీ లెక్చరరు.

మధ్యాహ్నం ఢిల్లీ కవరు వచ్చింది. వాడు పెట్టుకున్న రీసెర్చ్ గ్రాంటు అప్లికేషన్ మొదటి వడపోత దాటిందట. ఒక ఎక్స్‌పర్టు వచ్చి ఊరు చూసి రిపోర్టు రాస్తాడు. అది బాగుంటే రెండేళ్లకు డబ్బు ఇస్తారు. తాలూకాలో ప్రతి బోరూ పరీక్ష చేయవచ్చు. ఆ కాగితాలు చూపితే తప్ప ఎర్రకండ్రిగ బోరు మూసి వేరే నీళ్లు ఇచ్చే నాథుడు లేడు.

స్వామికి దండం పెట్టుకున్నాను.

12-2-82

పాత నోటుబుక్కు తీశాను. పన్నెండేళ్ల కిందటి కరువులో వేసిన బోరు అది. నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. ఆ నీళ్లు తాగి పెరిగిన పిల్లలకు పళ్లు పచ్చబడ్డాయి, మోకాళ్లు లోపలికి వంగాయి. ఆడవాళ్లు మగవాడితో ఇవన్నీ చెప్పరని ధనంజయ పోయిన ఏడు నన్ను వెంట తీసుకుపోయాడు. ఇల్లిల్లూ తిరిగి పేర్లు రాసింది నేనే. ముప్పై ఒక్కరు. మొదటి పేరు ఆ ఊరి పోలేరమ్మ చిన్న కూతురిది.

3-3-82

ఎర్రకండ్రిగ పోయి ఎక్స్‌పర్టు వచ్చే తేదీ చెప్పి వచ్చాను. ఊరి పెద్ద సుందరరాజు అన్నీ ఓపిగ్గా అడిగాడు. ఆ వచ్చే ఆయప్ప మా ఊరి పేరు రాస్తాడామ్మా, అచ్చేస్తారా అన్నాడు. రాస్తాడు, అచ్చు వేస్తారు, దేశమంతా తెలుస్తుంది అన్నాను. వాళ్లకు ధైర్యంగా ఉంటుందని అన్నాను.

ఆయన తేదీ ఇంకోసారి చెప్పించుకున్నాడు.

17-3-82, సాయంత్రం ఆరు

ఊరికి సున్నం కొట్టారు. బోరు చుట్టూ ముగ్గు. పూలదండ, లేత కొబ్బరికాయలు. బడి ముందర పన్నెండు మంది పిల్లలు నిలబడి ప్రార్థన పాడారు. పన్నెండు మందికీ కాళ్లు నిటారుగా ఉన్నాయి.

తక్కినవాళ్లు ఏరని ధనంజయ అడిగాడు. ఇంతేగదా సామీ మా ఊళ్లో, యాడన్నా దాచిపెట్టుకున్యామా అని సుందరరాజు నవ్వాడు. ధనంజయ ఇంటింటికీ పోయి తలుపు తట్టాడు. అన్నీ తాళాలు. ఎక్స్‌పర్టు రెండు ఫొటోలు తీసుకుని వాచీ చూసుకున్నాడు. ఆయనకు రేణిగుంటలో రైలు.

పోలేరమ్మ బోరు దగ్గరే ఉంది. నా వైపు చూడలేదు.

18-3-82

పొద్దున బస్టాండుకు పోయాను. ఎందుకు పోవాలనిపించిందో తెలియదు. కొండ బస్సు నుంచి వాళ్లు దిగుతున్నారు. ముప్పై ఒక్కరూ. గుండ్లు, గంధం. మోకాళ్లు ఒకదానికొకటి రాసుకుంటూ నడిచి వచ్చారు. నన్ను చూసి అవ్వా అని అరిచారు. పోలేరమ్మ చిన్నది లడ్డు తుంచి నా చేతిలో పెట్టింది. కళ్లకద్దుకుని తిన్నాను.

పోలేరమ్మ రాత్రే కొండెక్కి వాళ్లను కలుసుకుందట. నేను అడగకముందే చెప్పింది. ఏమక్కా, సంతలో దూడల మాదిరి నిలబెట్టాల్నా మా బిడ్డల్ని అంది. పెద్దదానికి పలమనేరు సంబంధం ఒచ్చిండాది, ఊరి పేరు అచ్చులో సూస్తే వాళ్లు మా గడప తొక్కుతారా అంది.



30-4-82

ఢిల్లీ నుంచి ఉత్తరం. ఫీల్డులో కేసులేవీ కనబడలేదు, పిల్లలు ఆరోగ్యంగా ఉన్నారు, గ్రాంటు ఇవ్వలేము. అభ్యంతరం ఉంటే పదిహేను రోజుల్లోగా పిల్లల పేర్లు, వయసులు, తల్లిదండ్రుల పేర్లు పంపాలి. రిపోర్టులో ప్రచురిస్తారు.

ధనంజయ నోటుబుక్కు అడిగి తీసుకున్నాడు. సాయంత్రానికి రెండు పేజీలు టైపు చేయించాడు.

2-5-82

ఊరి పేరు అచ్చు వేస్తారని సుందరరాజుతో నేను అన్న మాట ధనంజయకు చెప్పాను. విని, చొక్కా వేసుకుని బయటికి వెళ్లిపోయాడు.

4-5-82

ఎవరు చెప్పారో, సుందరరాజు, పోలేరమ్మ వచ్చారు. ముందు అన్నం తినమన్నాను. తిన్నారు. పోలేరమ్మ చెంబెడు నీళ్లు తాగి ఇంకో చెంబు అడిగింది. మీ నీళ్లు తియ్యగుండాయి గదక్కా అంది. ఎత్తిపొడుపో కాదో తెలియలేదు.

పేర్లు పంపొద్దని అడగడానికి వచ్చారు. సుందరరాజు గొంతు పెంచలేదు. పన్నెండేండ్లుగా తాగతానే ఉండాం, ఇంగ పదేండ్లు తాగతాం, పరువు పోతే ఢిల్లీవోళ్లు తెచ్చిస్తారా నాయనా అని ధనంజయను అడిగాడు. ఇంక పదేళ్లు తాగితే ఇప్పుడు చంకలో ఉన్న పిల్లల సంగతి ఏమిటని వాడు అడిగాడు. పోలేరమ్మ ఏడ్చింది. జూన్‌లో పెండ్లి, అంతవరకన్నా ఆగండి అంది. గడువు మే పదిహేను వరకే అని వాడు చెప్పలేక నన్ను చూశాడు.

వెళ్లేటప్పుడు పోలేరమ్మ నా కాళ్లు పట్టుకుంది. నువ్వు అడిగినావని చెప్పినామక్కా, ఇంగొకరికి చెప్పిందుమా అంది.

6-5-82

జపం కుదరలేదు.

9-5-82, ఆదివారం

సాయంత్రం చిత్తూరు నుంచి రెండో తమ్ముడు దొరస్వామి వచ్చాడు. నలుగురం కూర్చున్నాం. పేర్లు పంపాలని దొరస్వామి. ఆడపిల్ల ఉసురు వద్దని నిర్మల. రాసింది నువ్వు, నువ్వే చెప్పక్కా అని ధనంజయ.

పంపుదాం అన్నాను.

పోలేరమ్మకు ముందే చెప్పి, తర్వాత పంపుదామన్నాడు ధనంజయ. పంపిన తర్వాత చెబుదామన్నాను నేను. ముందు చెబితే పంపలేను.

అట్లాగే నిర్ణయమైంది.