సీను పూర్తికాని చీర

ఎర్రగుంట్ల,
సోమవారం.

అమ్మకు నమస్కారాలు. నేను ఇక్కడ బాగున్నాను. నీ మోకాలి నొప్పి తగ్గిందని, నాన్న పొలం నుంచి వేళకు ఇంటికి వస్తున్నారని తలుస్తాను.

ఈ ఉదయం కుచ్చిళ్లు సర్దుకుంటుంటే ఆకుపచ్చ అంచులో ఒక్క నీలం పోగు కనిపించింది. దాని సంగతి తర్వాత రాస్తాను.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. అన్నం సరిగ్గానే తింటున్నాను. ఇక్కడి ఫ్యాక్టరీల సిమెంటు దుమ్ముకు నాకు దగ్గు రాలేదు, మా స్కూలు లైబ్రరీ పుస్తకాలనే రోజూ తుడవాల్సి వస్తోంది. ఆదివారం కర్నూలులో మీ పాత సీరియల్ వాళ్లంతా కలిసే సభకు తప్పక వస్తాను. నువ్వు పెద్దకోడలిగా వేసిన ఎపిసోడ్లు ఇప్పుడు మా టీచర్లు ఫోనులో చూస్తున్నారు. నువ్వు మాట లేకుండా అన్నం గిన్నె మీద మూత పెట్టే సీనుకు మధులత టీచర్ ఏడ్చింది. ఆ పెద్దకోడలు మా అమ్మేనని ఎవరికీ చెప్పలేదు. ఆ రోజంతా గర్వంగా తిరిగాను.

"ఆ మనిషి వస్తే నేను రాను" అని రాశావు. ఆమె ఈ ఊళ్లోనే ఉంటుందట, కంటపడిందా అని అడిగావు. పడింది. ఫోనులో శివలీల అనే పేరెత్తితే పెట్టేస్తావు, అందుకే కాగితం మీద చెబుతున్నాను.

మా స్కూలు పిల్లలకు నాటకం నేర్పడానికి వచ్చింది. పిల్లలు నవ్వితే కసరదు, వాళ్లు ఆపేదాకా తనూ నవ్వుతుంది. నన్ను చూసి, "ఏం పాపా, అరుణజ్యోతి బిడ్డవా? ఆ కనుబొమలు యాడున్నా గుర్తుపడతా" అంది.

"మా అమ్మ మీతో మాట్లాడదు" అన్నాను.

"నేను మాత్రం మాట్లాడతాండానా? సమానమేలే. అయితే మీయమ్మ ఏడిస్తే గ్లిజరిన్‌తో పనే లేదు. నాకు సీసా కావాల. కోపముంటే మాత్రం అబద్దం చెప్పాల్నా?"

ఇరవై ఏళ్ల పగలో ఇలా మాట్లాడే మనిషిని నేను పుస్తకాల్లో కూడా చూడలేదు.

మీ ఇద్దరికీ మాటలు ఆగిపోవడానికి కారణమైన చీర సంగతి నేనే అడిగాను. మీకప్పుడు ఎవరి చీరలు వాళ్లే తెచ్చుకోవాలి కదా. సీరియల్లో చిన్నకోడలు ఆమే కదా, ఆ కోడలు ఇల్లు విడిచిపోయే సీనుకు తాత నేసిన చీర నువ్వే ఆమెకు ఇచ్చావు. సీను సగమే తీశారు. మిగతా సగంలోనూ అదే చీర, అదే నలుగుడు కనిపించాలి, ఉతకొద్దు, ఎవరికీ ఇవ్వొద్దని డైరెక్టరు ఆమెకు చెప్పాడట. ఈలోగా తాత పోయాడు. అది ఆయన చివరి నేత. నువ్వు అడిగావు, ఆమె ఇవ్వలేదు, అందరి ముందు దొంగ అన్నావు. ఆ నెలలోనే సీరియల్ ఆగిపోయింది.

"తర్వాతైనా ఇచ్చేసి ఉండొచ్చు కదా" అన్నాను.

"దొంగ అనిపించుకొని ఇస్తే, దొంగ సొత్తు తిరిగిచ్చినట్ల అయితాది. ఈ పొద్దుకీ ఉతకలేదు పాపా. బీరువాలో అట్లే ఉండాది. మిగతా సీను తీస్తామని ఎవరన్నా వస్తే?" అని నవ్వింది. ఈసారి ఆమెకు సీసా అక్కర్లేకపోయింది.

నీది తప్పని నేననను. తండ్రి చేతి చివరి నేత కోసం ఎవరికైనా గొంతు లేస్తుంది. అంత కోపంలోనూ ఆమె నటనను నువ్వు ఒక్కనాడూ తక్కువ చేయలేదు. ఇద్దరూ మొండివాళ్లే. ఇద్దరినీ తలచుకుంటే నాకు ముచ్చటేస్తోంది.

మొన్న ఆ చీర తీసి నా చేతిలో పెట్టింది. "మీయమ్మ చేతికియ్యను. నువ్వు కట్టుకొని పో. ఆయమ్మ కండ్లారా చూసుకోనీ" అంది. పచ్చ దారం చాలక తాత అంచులో ఒక పోగు నీలం వేశాడని నువ్వు చెప్పేదానివి. ఈ ఉదయం కట్టి చూసుకున్నాను. ఉంది.

ఇది చదివి నువ్వు కర్నూలు రావడం మానేస్తావేమో. చెప్పకుండా రప్పించడం నాకు చేతకాలేదు.

ఆదివారం బస్సుకు రెండు సీట్లు తీసుకున్నాను. కిటికీ పక్కది శివలీలమ్మకు.

ఇట్లు,
నీ కూతురు,
శ్రావణి