ఊరికే తొడిగే చొక్కా

బావా,

నీ ఓడ ఇప్పుడు ఏ రేవులో ఉందో నాకు తెలియదు. ఈ ఉత్తరం మీ కంపెనీ ఆఫీసులో ఇస్తే, ఆలస్యమైనా వాళ్లే నీకు చేరుస్తారన్నారు. నడిసముద్రంలో ఫోను పలకదు. పలికినా "ఆ, బాగున్నా, నువ్వు?" అని పెట్టేస్తావు. ఉత్తరమైతే మధ్యలో పెట్టెయ్యలేవు కదా, అందుకని రాస్తున్నాను.

ముందు నీ కుక్క సంగతి. దానికి సింహం అని పేరు పెట్టి, దాన్ని నా నెత్తిన పెట్టి పోయావు. పేరు గొప్ప ఊరు దిబ్బ. నీ సింహానికి ఉరుమంటే భయం, కుక్కరు కూతంటే భయం, అన్నిటికన్నా ఇంట్లో ఒంటరిగా ఉండడమంటే భయం. నువ్వెళ్లాక ఇది మరీ ముదిరింది. నేను టైలరింగు షాపుకి బయల్దేరితే చాలు, తలుపు గీరడం, ఊళ పెట్టడం. పైవాటా పెద్దాయన దిగొచ్చి "ఏమ్మా, మీ ఇంట్లో ఎవరన్నా పోయారా?" అని అడిగాడు. "ఎవరూ పోలేదండీ, ఉద్యోగానికెళ్లారు" అన్నాను. ఆయన నవ్వాడు. నేను నవ్వినట్టు నటించాను.

చివరికి పశువుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. ఆవిడ మందు రాయలేదు. "నువ్వు టైలరువేగా? దీని ఒంటికి బిగువుగా ఒక చొక్కా కుట్టు. పొత్తిళ్లలో చుట్టేస్తే పసిబిడ్డ ఏడుపు మాని పడుకోదూ, అలాగన్నమాట. అన్ని కుక్కలకీ పని చెయ్యదు. ప్రయత్నించి చూడు" అంది. ఇంటికొచ్చి మెడ, ఛాతీ, వెన్ను కొలిచాను. కొలతలిస్తూ నా ముక్కు నాకిన మనిషిని ఇంతవరకూ చూడలేదు. గుడ్డ కోసం వెతకలేదు, నువ్వు విడిచి వెళ్లిన నీలం టీషర్టు తీశాను. సాగే గుడ్డ, దీనికి అదే కావాలి. ఉతకకుండానే కత్తిరించాను. అన్నాళ్లూ ఎందుకు ఉతకలేదని అడక్కు.

పొట్ట కిందా ఛాతీ కిందా రెండు పట్టీలు పెట్టాను, అంటించి బిగించుకునేవి. లోపలికి నా రెండు వేళ్లు దూరాలి. అంతకన్నా వదులైతే లాభం లేదు, బిగుతైతే దానికి ఊపిరాడదు. తొడిగి, తలుపేసి, మెట్ల మీద కూర్చుని విన్నాను. రెండు మూలుగులు వినిపించాయి, తర్వాత ఏమీ లేదు. నేను షాపుకి గంతులేసుకుంటూ వెళ్లాననుకో. నా పనితనం చూసి నాకే ముద్దొచ్చింది.

ఇప్పుడు ఇంట్లో నీ టీషర్టు తిరుగుతోంది. వంటగదిలోంచి ఓరకంట చూస్తే, తోక కనిపించేదాకా నువ్వే అనిపిస్తుంది. తోక కనిపించాక ఏం చెయ్యాలో తోచక పొయ్యి దగ్గరికి వెళ్లిపోతాను.

జాగ్రత్తగా ఉండు. ఇంజను గదిలో చెవులకి దూది పెట్టుకో.

నీ సింహానికి దర్జీ, నీకు మరదలూ పెళ్లామూ.


బావా,

కిందటి ఉత్తరంలో చాలా గొప్పలు పోయాను. అవన్నీ వెనక్కి తీసుకుంటున్నాను.

చొక్కా కొన్నాళ్లు బాగానే పనిచేసింది. తర్వాత ఏమైందో, నేను కొక్కేనికున్న చొక్కా మీద చెయ్యి వేస్తే చాలు, సింహం మంచం కింద దూరడం మొదలుపెట్టింది. లాగి తొడిగితే ఒళ్లంతా వణుకు. నేను టైలర్ని కదా, తప్పు కుట్టులోనే ఉంటుందనుకున్నాను. చంక దగ్గర ఒరుసుకుంటోందని కుట్టు విప్పి గుండ్రంగా కత్తిరించాను. మళ్లీ వణికింది. మెడ దగ్గర వదులు చేశాను. పట్టీలు మార్చాను. లోపలి మడతలన్నీ బయటికి తిప్పి కుట్టాను. షాపులో కోట్లు కుట్టించుకునే పెద్దమనుషులకి కూడా ఇన్నిసార్లు విప్పి కుట్టలేదు. చివరికి ఆ నీలం గుడ్డలో కుట్టు పడని చోటు మిగల్లేదు.

మళ్లీ డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. ఆవిడ చొక్కా అటూ ఇటూ తిప్పి చూసి, "కుట్టు బంగారంలా ఉంది. దీన్ని ఎప్పుడు తొడుగుతున్నావ్?" అంది.

"షాపుకి బయల్దేరేటప్పుడు."

"ఇంట్లో ఉన్నప్పుడు?"

"ఇంట్లో ఉంటే ఎందుకండీ? నేను పక్కనే ఉంటాగా."

ఆవిడ నవ్వింది. "అక్కడే వచ్చింది చిక్కు. చొక్కా చూస్తే దానికి నువ్వెళ్లిపోతున్నావని తెలిసిపోతోంది. ఇక ధైర్యం ఎక్కణ్నుంచి వస్తుంది? అన్నం పెట్టేటప్పుడు తొడుగు. ఆడుకునేటప్పుడు తొడుగు. ఏ కారణం లేకుండా ఊరికే తొడిగి, కాసేపుంచి విప్పెయ్. నువ్వు ఎక్కడికీ వెళ్లకుండా ఉన్నప్పుడు తొడుగు."

నేను సరేనని బయటికొచ్చి, ఆ వరండాలో పిల్లి బుట్టలు పట్టుకున్నవాళ్ల మధ్య బెంచీ మీద కూర్చున్నాను. కూర్చుంటే ఏడుపొచ్చింది. పక్కనున్నావిడ "ఏం కాదులేమ్మా, బతుకుతుంది" అని ఓదార్చింది. కుక్క కోసం కాదని ఆవిడకేం చెప్పను? నీకు చెప్తాను బావా. ఎన్నాళ్లుగానో నోటిదాకా వచ్చి ఆగిపోయిన మాట. సెలవుకి ఇంటికొస్తావు. కుళాయి బాగుచేస్తావు, ఫ్యాను బాగుచేస్తావు, పాడవ్వని మిక్సీ కూడా విప్పి బాగుచేస్తావు. నా పక్కనే కూర్చుంటావు, నా మీద మాత్రం చెయ్యి వెయ్యవు. పడకగది సంగతి కాదు నేనంటున్నది, పట్టపగటి సంగతి. బయల్దేరే రోజున మాత్రం, పెట్టె గుమ్మంలో పెట్టి, ఎముకలు విరిగేలా పట్టుకుంటావు. నీకది ప్రేమే, నాకు తెలుసు. కానీ అది తప్ప ఇంకెప్పుడూ లేకపోయేసరికి, నీ చెయ్యి నా భుజం మీద పడితే నాకు సంతోషం రావడం మానేసింది. నువ్వు వెళ్లిపోతున్నావని మాత్రమే తెలుస్తుంది. లోపల్నుంచి వణుకు పుడుతుంది. ఆ వణుకు నీకు తెలియకూడదని పళ్లు బిగబట్టి నిలబడతాను. నువ్వు మెట్లు దిగాక, అది తగ్గేదాకా గోడకి ఆనుకుని ఉంటాను. నువ్వు కావాలని ఏడాదంతా కొట్టుకునే మనిషిని, నువ్వు పట్టుకుంటే భయపడుతున్నాను. ఇంతకన్నా అన్యాయం ఉంటుందా?

అందుకని ఒకటి అనుకున్నాను. ఈసారి నువ్వు ఓడెక్కే ముందురోజే నేను సింహాన్ని తీసుకుని అక్క వాళ్లింటికి వెళ్లిపోతాను. నువ్వు తాళం వేసుకుని వెళ్లు. కోపం కాదు బావా. ఆ గుమ్మం దగ్గర నిలబడే శక్తి నాకు లేదు, అంతే.

సెలవు దొరకగానే రా. రావద్దన్నానని మాత్రం అనుకోకు.

నీ కోసం చూసీ చూసీ కళ్లు కాయలు కాసిన
నీ మరదలు.


బావా,

నువ్వు వెళ్లాక ఇల్లు సర్దబుద్ధి కావడం లేదు. నీ తువ్వాలు కుర్చీ మీద అలాగే ఉంది, ఉండనీ. నీకు రాయాలనిపించి కూర్చున్నాను.

సెలవుకొచ్చినప్పుడు నా ఉత్తరం అందిందో లేదో నువ్వు చెప్పలేదు, నేనూ అడగలేదు. వచ్చిన మర్నాడు మిషను తొక్కుతుంటే వెనకనుంచి వచ్చి నా భుజం మీద చెయ్యి వేశావు. సూది కదలకుండా చక్రం పట్టుకుని, "ఏంటి, సెలవు రద్దు చేశారా? ప్రయాణమెప్పుడు?" అన్నాను. "ప్రయాణమేంటి? ఊరికే" అన్నావు. ఆ చెయ్యి అక్కడే ఉంది. దాన్ని ఏం చెయ్యాలో నీకూ తెలియలేదు, నాకూ తెలియలేదు. ఇస్త్రీపెట్టె పెట్టి మర్చిపోయినట్టు పెట్టావు. కాసేపటికి తీసేసి వెళ్లి కుళాయి విప్పావు. అయితే అందిందన్నమాట, అనుకున్నాను.

ఆ తర్వాత రోజూ అదే వరస. నేను కూరగాయలు తరుగుతుంటే ఒకసారి, బట్టలు ఆరేస్తుంటే ఒకసారి, పైవాటా పెద్దాయనతో మాట్లాడుతుంటే కూడా వేశావు. ఆయన సిగ్గుపడి మెట్లెక్కిపోయాడు. మొదట్లో ప్రతిసారీ ఉలిక్కిపడేదాన్ని. తర్వాత తర్వాత నువ్వు చెయ్యి వెయ్యడం ఆలస్యమైతే, పని ఆపి వెనక్కి తిరిగి చూసేదాన్ని. ఈ మాట నీ ముఖం మీద చెప్పలేకపోయాను. ఇప్పుడు చెప్తున్నాను.

అయినా నువ్వెళ్లే ముందురోజు నా సంచి సర్దుకున్నాను. అనుకున్నది అనుకున్నదే అనే మొండిఘటాన్ని కదా. సింహం గొలుసు పట్టుకుని బస్టాపు దాకా వచ్చావు. బస్సొచ్చింది. నా సంచి కండక్టరుకి అందించి, పక్కకి జరిగి నిలబడ్డావు. ఎప్పుడూ నేను నిలబడే చోట ఈసారి నువ్వున్నావు. నీ ముఖం చూశాక కాలు ముందుకి పడలేదు. కండక్టరు చేతిలోంచి సంచి లాక్కున్నాను. "ఎక్కుతారా, ఎక్కరా?" అని వాడు విసుక్కున్నాడు. "ఎక్కం, పో నాయనా" అన్నాను.

మర్నాడు కారొచ్చింది. నువ్వు పెట్టె గుమ్మంలో పెట్టి, రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని, "వెళ్లొస్తా" అన్నావు, పక్కింటివాళ్లతో అన్నట్టు. నేను ఉత్తరంలో రాసిన మాట మన్నించి అలా ఉన్నావని తెలుసు. కానీ అలా పంపడం నా వల్ల కాలేదు. నేనే వచ్చి పట్టుకున్నాను. నీ వీపు చుట్టూ చేతులు వేసి, నాకున్న బలమంతా పెట్టి.

వణుకు తగిలింది. నాదే అనుకున్నాను. పళ్లు బిగబట్టాను, ఆగలేదు. అప్పుడు తెలిసింది బావా, అది నాది కాదు. జేబుల్లో ఉన్న నీ చేతులు వణుకుతున్నాయి, భుజాలు వణుకుతున్నాయి, గడ్డం నా తలకి ఆనించి దాన్ని కూడా ఆపలేకపోతున్నావు. ఇన్నేళ్లూ నన్ను అంత గట్టిగా పట్టుకున్నది ఇది నాకు తెలియకూడదనేనా? నాతో ఒక్కసారన్నా అనలేకపోయావా?

కింద కారతను హారను కొడుతూనే ఉన్నాడు. "కొట్టుకోనీ" అన్నాను. నీ ఒళ్లు నెమ్మదించేదాకా నేను విడిచిపెట్టలేదు. విడిచాక నీ కాలరు సరిచేసి, ఇక వెళ్లు అన్నాను. నువ్వు మెట్లు దిగుతుంటే గోడకి ఆనుకోలేదు. కారు మలుపు తిరిగేదాకా కిటికీలోంచి చూశాను.

మళ్లీ రా. వచ్చేదాకా భయమేస్తే భయమేసిందని రాయి. నేనూ రాస్తాను.

నీ మరదలు.