కారులో వట్టివేళ్లు

చిరంజీవి హేమావతికి,

నా చూపు మందగించి కారు నడపడం మానుకున్నానని బంధువులలో ప్రచారమవుతున్నదట. అది అబద్ధం. కారు ఇన్నాళ్లూ షెడ్డులో ఉండటానికి కారణం దాని ఏసీలోని ముక్కిన వాసన.

కాలేజీనాటి నుంచి నా స్నేహితురాలైన త్రివేణి ప్రతి శనివారం కసాపురం గుడికి నా పక్క సీటులోనే వచ్చేది. ఒకనాడు, హేమా, నీ కొత్త కారు లోపల మల్లెతోటలా ఘుమఘుమలాడుతున్నదని నా దగ్గరే పొగిడింది. నేను సహించలేకపోయాను. వేసవిలో కిటికీకి తడి వట్టివేళ్ల తడక కట్టినట్లే, ఏసీ ఫిల్టరు మీద తడిపిన వేళ్లు పరిచాను. పది రోజులకు త్రివేణి, “ఏమే, తడిసిన గోనెసంచి వాసన వస్తాండాది. నేను హేమా కార్లో పోతాలే” అని నీ కారెక్కింది.

నిన్న మెకానిక్ విప్పి చూసి, “ఏమమ్మా, ఈ వేర్లు ఎవురు పెట్టినారు ఈడ?” అన్నాడు. మన ఊరి దుమ్ము చేరి అవి కుళ్లిపోయాయి. నేనేనని ఒప్పుకొని, లోపలంతా కడిగించి, కొత్త ఫిల్టరు వేయించాను. ఇప్పుడు ఏ వాసనా లేదు.

వచ్చే శనివారం నీవు త్రివేణి ఇంటికి ఏడింటికి వెళ్తావని తెలుసు. ఆరింటికే నా కారు ఆమె గుమ్మం ముందు ఉంటుంది. ఇది నీ అనుమతి కోసం రాయడం లేదు; నీవు వృథాగా రాకూడదని తెలియజేస్తున్నాను.

మీ అక్క