ఎర్ర చుక్క, తెల్ల చుక్క

మార్చి 3, మంగళవారం

ఎర్ర కారు ఈరోజు దిగింది. దిగింది అనడం మర్యాద కోసం. తాళ్ళు కట్టి లాక్కొచ్చి షెడ్డు ముందు పడేశారు. వెనక నుంచి లారీ గుద్దిన బండి. డిక్కీ వచ్చి వెనక సీట్లో కూర్చుంది. ముందు భాగానికి మాత్రం గీత కూడా పడలేదు. అన్న బానెట్ ఎత్తి, ఆయిల్ పుల్ల తీసి వాసన చూసి, ఇంజను బంగారంరా అన్నాడు. అన్న బంగారం అన్నాడంటే ఇక మాట్లాడేది లేదు.

తెల్ల కారు ఆర్నెల్లుగా మూలన పడి ఉంది. బాడీ బాగుంది, ఇంజను బిగుసుకుపోయింది. ఎర్రదాని ఇంజను తెల్లదానికి ఎక్కించాలి. రెండు చచ్చిన కార్లని కలిపి ఒక బతికిన కారు చేయడం, ఇరవై ఏళ్ళుగా మా అన్నదమ్ముల బతుకు ఇదే.

కొనే మనిషి కూడా సిద్ధంగా ఉంది. డయాలసిస్ సెంటర్లో నర్సు. పొద్దున్న ఆరింటికి డ్యూటీ, ముప్పై కిలోమీటర్ల దూరం, ఆ వేళకి బస్సు ఉండదు. కొత్త కారు కొనే తాహతు లేదు. నెలాఖరుకల్లా కావాలంది. నేను లెక్క వేసుకునేలోపే అన్న సరేనమ్మా అనేశాడు. ఆవిడ నన్ను వదిలేసి అన్నకే దణ్ణం పెట్టి వెళ్ళింది. అందరూ అంతే. నా మొహం చూస్తే ఎవరికీ నమ్మకం కలగదు.

మార్చి 7, శనివారం

ఇంజను బయటికి తీశాం. ఇంజను ఎత్తే చైన్ బ్లాక్ నేను లాగాను, అన్న ఇంజను పట్టుకుని దారి చూపించాడు. ఒక్క మాట మాట్లాడుకోలేదు. మంచి పని రోజు.

మా షెడ్డులో ఒక పద్ధతి ఉంది. బోల్టు పూర్తిగా బిగించాక దాని తల మీద చుక్క పెట్టాలి. అన్నది ఎర్ర చుక్క, వదిన పాత గోళ్ళరంగు సీసాతో. నాది తెల్ల చుక్క, తప్పులు దిద్దే ఇంకుతో. చుక్క ఉన్న బోల్టుని రెండోవాడు ముట్టుకోకూడదు, బిగించావా అని అడగకూడదు. మొదట్లో నేనోసారి అడిగితే, అన్న పానా కింద పెట్టి సాయంత్రం దాకా నాతో మాట్లాడలేదు. నీ చుక్క నేను అడిగానా అన్నాడు చివరికి. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు.

మార్చి 11, బుధవారం

ఇంజను తెల్ల కారులో కూర్చుంది. ఇంజనుని బాడీకి పట్టి ఉంచే మౌంటింగు బ్రాకెట్ ఒకటి కుదరలేదు, మోడల్లో రెండేళ్ళు తేడా. అన్న పాత బ్రాకెట్ కోసి, వెల్డింగు చేసి, అచ్చు గుద్దినట్టు తయారుచేశాడు. ఆ చేతులతో ఏ కంపెనీ యజమానికో పుట్టి ఉంటే మేనేజర్ అయ్యేవాడు. మా నాన్నకి పుట్టాడు. నాన్న పోయేటప్పటికి నాకు తొమ్మిదేళ్ళు, అన్నకి ఇరవై ఒకటి. నాకు పానా పట్టడం, సైకిలు తొక్కడం, గడ్డం గీసుకోవడం అన్నీ నేర్పింది అన్నే.

మార్చి 12, గురువారం

వైరింగ్. రోజంతా వైరింగ్. నన్నెవరూ పలకరించకూడదు.

మార్చి 14, శనివారం

స్టార్ట్ అయింది. మూడోసారి తాళం తిప్పగానే. అన్న చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు.

ట్రయల్ కి నేనే తీసుకెళ్ళాను. రెండో గేరులో ఎడమవైపు నుంచి టక్ మని చప్పుడు. తిరిగొచ్చి బానెట్ ఎత్తాను. మౌంటింగు బోల్టు వేళ్ళతో తిప్పితే తిరుగుతోంది. దాని తల మీద ఎర్ర చుక్క.

అన్న టీ తాగుతున్నాడు. చప్పుడేంటి అని అడిగాడు. రోడ్డు మీద గుంట అన్నాను. ఆయన అటు తిరిగాక బిగించేశాను. ఇరవై ఏళ్ళలో అన్న చుక్కని ముట్టుకోవడం ఇదే మొదటిసారి. దొంగతనం చేసినవాడిలా పానా జేబులో దాచుకున్నాను. ఒకసారి ఎవరికైనా జరుగుతుంది.

మార్చి 16, సోమవారం

ఒకసారి కాదు.

పొద్దున్నే ఏడింటికి, అన్న రాకముందే షెడ్డు తెరిచాను. ఎర్ర చుక్కలు ఉన్న ప్రతి బోల్టూ పానా వేసి చూశాను. ముప్పై ఒకటి. అందులో తొమ్మిది వదులు. ఏ ఒక్కటీ అరిగిపోయి వదులైంది కాదు. వేళ్ళతో పెట్టి, చుక్క పెట్టి, బిగించడం మర్చిపోయినవి. అంటే ఆయన చెయ్యి చుక్క దగ్గరికి వెళ్ళేసరికి, బిగించేశాననే అనుకుంటోంది.

తొమ్మిదీ బిగించి, ఏమీ తెలియనట్టు కూర్చున్నాను. అన్న వచ్చి, ఏరా ఈరోజు తొందరగా వచ్చావు, ఎవరినైనా ప్రేమిస్తున్నావా అన్నాడు. నలభై ఆరేళ్ళ తమ్ముడితో వేసే హాస్యం. నవ్వాను.

మార్చి 18, బుధవారం

వదినకి ముందే తెలుసు.

ఇన్నాళ్ళూ వదిన పొద్దున్న అన్నతో కలిసి షెడ్డు దాకా నడిచి వస్తుంటే, ఈ వయసులో కొత్త మురిపెం అని వెక్కిరించాను. అన్నకి దారి తప్పుతోందట. కిందటేడు బ్రెడ్డు తేవడానికి వెళ్ళి, రెండు వీధుల అవతల ఎవరి గుమ్మం ముందో నిలబడి తాళం తిప్పుతున్నాడట. డాక్టరుకి చూపించింది. ఇది తగ్గేది కాదు, పెరిగేదే అన్నాడట డాక్టరు. నాకెందుకు చెప్పలేదని అరిచాను. చెప్తే నువ్వు ఆయన చేతిలో పానా లాగేసుకుంటావు చిన్నబ్బాయ్, పానా లేకపోతే ఆయన ఆర్నెల్లు కూడా ఉండడు అంది. తర్వాత మెల్లగా, నువ్వు పక్కనే ఉంటావు కదా అనుకున్నాను అంది.

వదిన ఈ ఇంటికి వచ్చినప్పుడు నేను స్కూల్లో ఉన్నాను. నా టిఫిన్ డబ్బా కట్టిన మనిషి. అయినా కోపం పోలేదు.

మార్చి 19

చెప్పాలి. అన్నా, ఇక బ్రేకులూ స్టీరింగూ నేను చూసుకుంటాను అని ఒక్క వాక్యం. అద్దం ముందు నిలబడి అని చూశాను. బాగానే వచ్చింది.

మార్చి 20

చెప్పలేదు.

మార్చి 24, మంగళవారం

ఇప్పుడు నా పద్ధతి ఇది. పొద్దున్న ఏడింటికి వెళ్తాను, నిన్నటి ఎర్ర చుక్కలన్నీ బిగిస్తాను, ఎనిమిదిన్నరకి అన్న వస్తాడు. ఇలా ఎన్నేళ్ళయినా నడిపించవచ్చు అనిపిస్తోంది. ఆయన సంతోషంగా ఉన్నాడు. పాటలు కూడా పాడుతున్నాడు. నర్సు వచ్చి కారు చూసి స్టీరింగు నిమిరింది. పెద్దాయన చేత్తో చేశారంటే నాకు బెంగ లేదు అంది. నేను అక్కడే, కారు కింద పడుకుని ఉన్నాను. నా కాళ్ళు కనపడే ఉంటాయి.

మార్చి 26, గురువారం, సాయంత్రం 7

రోజంతా రిజిస్ట్రేషన్ ఆఫీసు దగ్గర లైన్లో. ఇంజను నంబరు మార్పు రాయించాలి. ఒక గుమస్తా ఇంకో గుమస్తా దగ్గరికి పంపాడు, ఆయన భోజనానికి వెళ్ళాడు, వచ్చాక మొదటాయన లేడు. కాగితం చేతిలో పడేసరికి ఐదు.

షెడ్డుకి వస్తే తెల్ల కారు లేదు. రేపు పొద్దున్న డ్యూటీకి ఎలాగూ కావాలని నర్సు మూడింటికే తీసుకెళ్ళిందట. కాగితం రేపు సాయంత్రం ఇవ్వొచ్చని అన్న మాట ఇచ్చాడట. మంచిదే అనుకున్నాను. అప్పుడు బల్ల మీద చూశాను. పాత బ్రేక్ ప్యాడ్లు రెండు. ముందు ఎడమ చక్రం నుంచి కీచుమని చప్పుడు వస్తోందని, మధ్యాహ్నం విప్పి కొత్తవి వేశానన్నాడు అన్న. అన్నీ బిగించావా అని అడిగాను. నోరు జారింది. ఆయన నావైపు చూసిన చూపు ఎప్పటికీ మర్చిపోను. చుక్క పెట్టాను కదరా అన్నాడు.

నర్సుకి మూడుసార్లు ఫోన్ చేశాను. ఎత్తలేదు. తెల్లవారుజామున లేవాలి కాబట్టి పెందలాడే పడుకుంటుంది. ఇల్లు తెలుసు, స్కూటరు మీద పావుగంట. వెళ్ళి తలుపు కొడితే ఎందుకో చెప్పాలి. రేపు అది అన్న చెవిన పడుతుంది.

పొద్దున్న ఐదింటికి, ఆవిడ బయల్దేరే లోపు వెళ్తాను. అప్పుడైతే ఏదో ఒక సాకు చెప్పవచ్చు.

మార్చి 27, శుక్రవారం

ఐదింటికి వెళ్ళాను. నాలుగున్నరకే బయల్దేరిందట. కొత్త కారు కదా, మెల్లగా వెళ్తానందట. వాళ్ళమ్మ చెప్పింది.

స్కూటరు మీద వెనకే వెళ్ళాను. పద్దెనిమిదో కిలోమీటరు దగ్గర జనం.

బ్రేక్ ప్యాడ్లని పట్టి ఉంచే కాలిపర్ బోల్టు ఒకటి ఊడి రోడ్డు మీద ఎక్కడో పడిపోయింది. కాలిపర్ తిరిగి చక్రానికి అడ్డం పడింది. కారు ఎడమకి లాగేసి కల్వర్టు గోడని కొట్టింది. అప్పటికే అంబులెన్సులో ఎక్కించారు. కుడి భుజం, కుడి మోచెయ్యి. ప్రాణానికి భయం లేదన్నారు. ఆవిడ నన్ను చూసి, కారు పాడైపోయిందండీ అని నాకే క్షమాపణ చెప్పింది.

కానిస్టేబులు కారుని మా షెడ్డుకే లాగించమన్నాడు, మధ్యాహ్నం ఇన్‌స్పెక్టరు వచ్చి చూస్తాడట. ఎనిమిదింటికి షెడ్డులో నేనూ ఆ కారూ మాత్రమే ఉన్నాం. చక్రం విప్పాను. మిగిలిన రెండో బోల్టు సగం ఊడి వేలాడుతోంది. తల మీద ఎర్ర చుక్క.

థిన్నరు గుడ్డ తీసుకుని తుడిచాను. తెల్ల ఇంకు పెట్టాను. ఆరడానికి నోటితో ఊదాను.

మార్చి 27, సాయంత్రం

అన్న ఎనిమిదిన్నరకి వచ్చాడు. వదిన ఫోన్లో విన్నది చెప్పినట్టుంది, మొహం పాలిపోయి ఉంది. చక్రం దగ్గర గొంతుక్కూర్చున్నాడు. బోల్టు తల మీద వేలు పెట్టి చూశాడు. ఇది నీ చుక్క అన్నాడు. నేనే, అన్నా, అన్నాను. నువ్వు వెళ్ళాక నేను మళ్ళీ విప్పానని అబద్ధం అల్లాను. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి కారే లేదని ఆయనకి గుర్తు రాలేదు. నిన్నటి రోజు ఆయన దగ్గర లేదు. నా తెల్ల చుక్క ఉంది, అది చాలు.

కొడతాడనుకున్నాను. నా తల మీద చెయ్యి వేశాడు. నాన్న పోయిన రోజున వేసినట్టు. ఒరేయ్, నువ్వు అలిసిపోయావు, నేను చూసుకోలేకపోయాను, తప్పు నాదే అన్నాడు. ఏడుపు ఆగలేదు. నా ఏడుపు చూసి ఆయనకి ఇంకా నమ్మకం కుదిరింది.

ఇన్‌స్పెక్టరు నా పేరు మీదే కేసు రాశాడు. సంతకం పెట్టాను. నిన్న సాయంత్రం పావుగంట దూరం వెళ్ళనివాణ్ణి నేనే. కాబట్టి ఆ సంతకం పూర్తిగా అబద్ధం కాదు.

మార్చి 29, ఆదివారం

ఆసుపత్రికి వెళ్ళాను. కుడి చెయ్యి మునుపటిలా పైకి లేవదని డాక్టరు చెప్పాడట. రోగుల్ని ఒక్కచేత్తో ఎలా లేపాలి అని అడిగింది. నన్ను కాదు, గోడని. బోల్టు ఎవరు బిగించారు అని తర్వాత అడిగింది. నేనేనండీ అన్నాను. తల ఊపింది. పెద్దాయన అయితే ఇలా జరిగేది కాదు అంది.

అవునన్నాను.

ఏప్రిల్ 1, బుధవారం

బోల్టు ఎంత బిగిసిందో కొలిచే టార్క్ రెంచ్ అన్న నా చేతిలోంచి తీసేసుకున్నాడు. కొన్నాళ్ళు నువ్వు వైరింగు చూడు, బ్రేకులూ స్టీరింగూ నేను చూసుకుంటాను అన్నాడు. నేను అద్దం ముందు నేర్చుకున్న వాక్యమే. ఆయన ఎంత తేలిగ్గా అన్నాడో.

వదినకి విషయం అంతా చెప్పాను. మెచ్చుకుంటుందనుకున్నానో ఏమో. కొంగు నోట్లో కుక్కుకుని వినీ వినీ, ఇప్పుడాయన్ని ఎవరు ఆపుతారు, తప్పు తనదని తెలిస్తే తనంతట తానే ఆగేవాడు కదా, నువ్వు ఆ దారి కూడా మూసేశావు అంది. నిజమే. ఆయన పరువు కాపాడాననుకున్నాను. నన్ను నేను కాపాడుకున్నాను. ఆ ఒక్క మాట చెప్పాల్సిన అవసరం నుంచి.

వదిన తానే చెప్తానంది. రాత్రి భోజనం దగ్గర మొదలుపెట్టింది. వాణ్ణి వెనకేసుకు రాకు, వాడికి ఒంట్లో బాగాలేదు అన్నాడట అన్న.

ఏప్రిల్ 6, సోమవారం

రెండు బేరాలు వచ్చాయి. రెండూ తిప్పి పంపేశాను. కేసు తేలేదాకా కార్లు అమ్మకూడదని ఆర్డరు వచ్చిందని అన్నకి చెప్పాను. అలాంటి ఆర్డరేమీ లేదు. నేను వీధి చివర టైర్ల కొట్లో పంక్చర్లు వేయడానికి కుదిరాను, పొద్దున్న మాత్రం.

అన్న ఖాళీ షెడ్డులో కూర్చుని చేతులు తుడుచుకుంటున్నాడు. మురికేమీ లేని చేతులు.

ఏప్రిల్ 13, సోమవారం

తుక్కు కొట్టు నుంచి ఒక ఇంజను తూకానికి తెచ్చాను. బ్లాకు పగిలింది. పైనుంచి కింద దాకా, బొటనవేలు దూరేంత పగులు. ఏ కారుకీ ఎక్కదు. స్టాండు మీద బిగించి, మంచి బేరం వచ్చిందన్నా, కేసు తేలాకే కావాలట, నింపాదిగా చెయ్యి, తొందర లేదు అన్నాను.

పాత అన్న అయితే పది అడుగుల దూరం నుంచే చూసి నన్ను తిట్టేవాడు. ఈరోజు దాని చుట్టూ తిరిగాడు, పగులు మీద వేలు పెట్టి కిందదాకా నిమిరాడు. ఇంజను బంగారంరా అన్నాడు.

బయటికి వెళ్ళి స్కూటరు తుడిచాను. తుడిచిందే తుడిచాను.

ఏప్రిల్ 30, గురువారం

అన్నని వదిన ఇంటికి తీసుకెళ్ళింది. నేను తలుపు దగ్గరికి వేసి, ఆ పగిలిన ఇంజనుకి ఈరోజు ఆయన బిగించిన బోల్టులన్నీ విప్పాను, రోజూ విప్పినట్టే. రేపటికి పని ఉండాలి కదా.

ఇరవై రెండు. అందులో మూడు గట్టిగా ఉన్నాయి. నిజంగా గట్టిగా, పానా మీద రెండు చేతులూ వేస్తే గాని కదలనంత.

ఆ మూడూ విప్పబుద్ధి కాలేదు. విప్పాను.