బడిగది గోడలు

వానపల్లి,
దుర్ముఖి సంవత్సరం, జ్యేష్ఠ మాసం

ప్రియమైన శ్రీవారికి, లక్ష్మి నమస్కరించి రాసే సంగతులు.

మేము క్షేమం. ధవళేశ్వరంలో ఆనకట్ట కచేరీ పనిలో పడి మీరు భోజనం మానడం లేదు కదా?

అత్తయ్యగారు మీరు చూసి వెళ్ళినట్టే ఉన్నారు. మామయ్యగారు పోయి ఎనిమిది నెలలు దాటినా, ఆ చీకటిగదిలో గోడవైపు తిరిగి కూర్చోవడం మానలేదు. పిలిస్తే భోజనానికి వస్తారు. నాలుగు మెతుకులు కెలికి లేచిపోతారు. నా మీద కోపమైనా చూపిస్తే కొంత నయమనిపిస్తుంది. పాలేరు అబ్బులు వచ్చి వెళ్ళాక ఈ ఇంట్లో మనిషి గొంతు వినబడదు. మొన్న పెరట్లో అరటిచెట్టుతో మాట్లాడుతున్నానని ఉన్నట్టుండి నాకే తెలిసింది. భయం వేసింది.

అందుకని మీతో చెప్పకుండా ఒక పని చేశాను. మామయ్యగారు పిల్లలకు చదువు చెప్పిన వీధివైపు బడిగది తలుపు తీశాను. ఆయన పోయిన దగ్గర నుంచి అది మూసే ఉంది కదా. గబ్బిలాలను తోలి, నేల అలికాను. అక్కడ మంచి వెలుతురు. రాజమండ్రి ఆడపిల్లల బడిలో నేర్చుకున్న కుట్టుపని చేతికి మళ్ళీ వచ్చింది. మా అమ్మ చీరలు చింపి బొంత కుడుతున్నాను. కొబ్బరిచిప్పలు నునుపుగా గీకి దీపాలకు గిన్నెలు చేశాను. గోడమీద జేగురు ఎరుపుతో తీగ బొమ్మ వేయడం మొదలుపెట్టాను. మామయ్యగారి పీట, బెత్తం, గంటం ఉన్నచోటే ఉంచాను. రోజూ తుడిచి దణ్ణం పెట్టుకుంటాను. సాయంత్రాలు అక్కడ కాసేపు కూర్చుంటే నాకు ఊపిరి ఆడుతోంది.

తప్పైతే చెప్పండి.

మీ
సీతారామలక్ష్మి

*

ధవళేశ్వరం,
ఆషాఢ మాసం

ప్రియమైన లక్ష్మికి,

నీ ఉత్తరం చదివి ముందు నవ్వాను, తర్వాత సిగ్గుపడ్డాను. అరటిచెట్టుతో మాట్లాడుకునే స్థితిలో నిన్ను వదిలి వచ్చింది నేనే కదా.

తప్పేమీ లేదు. ఆ గదిలో నాన్న చేతి దెబ్బలు తినని పిల్లవాడు ఊళ్ళో లేడు, నాతో సహా. అక్కడ ఒకరు హాయిగా కూర్చోవడం ఆ గోడలు ఇప్పుడే చూస్తున్నాయేమో. పడవ నడిపే సత్తిరాజు చేత సూదులు, రంగు దారాలు, కొంచెం నీలిమందు పంపుతున్నాను. నీ తీగకు నీలం పువ్వులు వేసుకో.

ఒక్క సంగతి. అమ్మ చెవిన ముందే ఒక మాట వెయ్యి. ఆవిడ ఆ గదిలో అడుగుపెట్టడం నేనెప్పుడూ చూడలేదు. ఎందుకో తెలియదు గాని, బడిగది మాట వస్తే ఆవిడ ముఖం మారిపోయేది.

నీ క్షేమం కోరే
భాస్కరం

*

వానపల్లి,
ఆషాఢ బహుళం

ప్రియమైన శ్రీవారికి,

దారాలు, ఉత్తరం అందాయి. అప్పటికే ఆలస్యమైపోయింది.

నిన్న బొంత కుడుతూ తలెత్తి చూస్తే అత్తయ్యగారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఎప్పుడు వచ్చారో తెలియలేదు. గోడలన్నీ కలయజూశారు.

“ఎవరు తీయమన్నారు ఈ తలుపు?”

“నేనే తీశానండి.”

“ఆయన పోయి ఏడాదైనా తిరగలేదు. అప్పుడే రంగులు కావాల్సొచ్చాయా నీకు?”

బొంత కింద పెట్టి లేచాను. “తాళంచెవి ఇలా ఇయ్యి” అన్నారు. ఇచ్చాను. నన్ను బయటికి పంపి, తలుపు వేసి, తాళంచెవి బొడ్లో దోపుకుని వెళ్ళిపోయారు. బొంత సగంలో ఉంది. సూది దానికి గుచ్చినది గుచ్చినట్టే లోపల ఉండిపోయింది.

నిన్నటి నుంచి వంటింట్లోనే కూర్చుంటున్నాను. ఆవిడ అన్నదాంట్లో న్యాయం ఉందని ఒకసారి అనిపిస్తుంది. లేదని ఇంకోసారి అనిపిస్తుంది. మీరు మాత్రం ఆవిడను ఏమీ అనకండి.

మీ
లక్ష్మి

*

వానపల్లి,
శ్రావణ మాసం

ప్రియమైన శ్రీవారికి,

గోదావరి పొంగుతోంది. రేవులో పడవలు ఆపేస్తారట. ఈలోగా నాలుగు ముక్కలు రాస్తున్నాను.

అత్తయ్యగారు పొద్దుటే బడిగదిలోకి వెళ్ళి లోపల గడియ వేసుకుంటున్నారు. నీళ్ళు పోస్తున్న చప్పుడు, గోడ గీకుతున్న చప్పుడు వినబడుతున్నాయి. నా తీగ పోయినట్టే. అడిగే ధైర్యం లేదు. ఆ గది ఇక నాది కాదు.

ఉత్తరం రేవుకు తీసుకెళ్ళాలని అబ్బులు తొందరపెడుతున్నాడు. ఉంటాను.

మీ
లక్ష్మి

*

ధవళేశ్వరం,
శ్రావణ బహుళం

ప్రియమైన లక్ష్మీ,

ఆ నాలుగు ముక్కల తర్వాత నీ దగ్గర నుంచి ఏమీ రాలేదు. వరద వల్లనే అని మనసుకు చెప్పుకుంటున్నాను, అది వినడం లేదు. నీళ్ళు ఆనకట్ట మీద నుంచి దూకుతున్నాయి. కచేరీలో అందరం గట్టు మీదే కాపలా ఉంటున్నాం. సెలవు అడిగే వీలు లేదు.

ఒక నిర్ణయానికి వచ్చాను. ఇక్కడ రేవుకు దగ్గర్లో చిన్న పెంకుటిల్లు అద్దెకు మాట్లాడాను. నాన్న సంవత్సరీకాలకు వచ్చినప్పుడు నిన్ను తీసుకువచ్చేస్తాను. అమ్మను అమలాపురంలో పిన్ని ఇంట దింపుదాం. ఈ మాట రెండుసార్లు కొట్టేసి మళ్ళీ రాశాను. కాని నువ్వు మనసారా చేసుకున్న ఒక్క చోటునూ ఆవిడ గీకి పారేస్తుంటే, ఇక్కడ కూర్చుని నేను చూస్తూ ఊరుకోలేను.

అంతవరకూ ఓర్చుకో. ఒక్క ముక్క రాయి, క్షేమమని.

నీ
భాస్కరం

*

వానపల్లి,
భాద్రపద మాసం

ప్రియమైన శ్రీవారికి,

క్షేమం. ఇద్దరమూ క్షేమం. వరద తీసింది. నీళ్ళు వీధి చివరి దాకా వచ్చి ఆగాయి.

పడవలు ఆగిన వారంలో ముసురు పట్టింది. ఒక మధ్యాహ్నం బడిగది కప్పు కారుతుందేమో, అత్తయ్యగారు తడుస్తారేమోనని భయపడి తలుపు తోశాను. గడియ వేసి లేదు. ఆవిడ మోచేతుల దాకా మన్నుతో గోడ ముందు కూర్చుని ఉన్నారు. దీపపుగూటి చుట్టూ మన్ను మెత్తి, గోడమీంచి పైకి లేచేలా చిలకల బొమ్మలు ఎత్తారు. ముక్కులు, రెక్కలు, గోళ్ళతో సహా. గీకింది పెచ్చులు లేచిన పాత సున్నమట, మన్ను పట్టాలని. నా తీగ అలాగే ఉంది.

“అలా చూస్తావేంటి? మన్ను ఆరిపోతోంది. నీళ్ళు పట్రా” అన్నారు.

తెచ్చాను. పక్కన కూర్చున్నాను. పుట్టింట్లో పెళ్ళిళ్ళకు గోడల మీద బొమ్మలన్నీ ఆవిడే ఎత్తేవారట. మీకు తెలుసా ఈ సంగతి?

మన్ను మెత్తుతూ ఆవిడే మొదలుపెట్టారు. “కాపురానికొచ్చిన కొత్తల్లో ఇక్కడ పిల్లలు పద్యాలు చదూతుంటే గోడకి అవతల కూర్చుని వినేదాన్నమ్మా. అన్నీ నోటికొచ్చేశాయి. ఒకనాడు ఆశపడి గుమ్మంలోకి వచ్చాను. ‘ఇది బడి, వంటిల్లు కాదు’ అన్నారు మీ మామయ్య. పిల్లలందరూ నవ్వారు. మళ్ళీ ఈ గడప తొక్కలేదు.”

“మీరు చెప్పలేదాండి ఆయనతో?”

“ఏం చెప్పను? మంచివారే. ఆ ఒక్క మాటే నాలో ఉండిపోయింది. పోయినవాళ్ళ మీద అలక పెట్టుకుని ఎలా ఏడవాలో తెలీక గోడకేసి కూర్చున్నాను. నేను దాటలేని గడప నువ్వు ఇట్టే దాటేశావని ఒళ్ళు మండింది. నీమీద అరిచి పంపేశాక, మళ్ళీ తాళం తీసి లోపలికొచ్చి ఆ బొంత ముట్టుకున్నాను. అప్పుడొచ్చింది ఏడుపు.”

ఆ పూట రెండుసార్లు పులుసు వడ్డించుకున్నారు.

ఇప్పుడు పొద్దుట పని కాగానే ఇద్దరమూ అక్కడే. తాళంచెవి మేకుకు వేలాడుతోంది. నా తీగ వంకర పోయిందని ఒక మూల చెరిపించారు. మీ నీలిమందుతో కొత్తగా వేసిన నీలం పువ్వులు మాత్రం నేను చెరపనివ్వలేదు. మామయ్యగారి పీట మీద ఆవిడే కూర్చుంటున్నారు.

ఇక మీ ఉత్తరం. నిన్ననే వచ్చింది. ఎదురుగా కూర్చుని “పైకి చదువు” అన్నారు. పిన్నిగారి ఇంట దింపుతానన్న మాట దాటేసి చదివాను. “ఏదో మింగావు” అన్నారు. ఏం చేయను, అదీ చదివాను. ఉత్తరం నా చేతిలోంచి తీసుకుని మడత పెట్టారు. అప్పుడు అన్నారు, “వాడు మాట్లాడిన ఇంటికి గోడలు ఎలాంటివో రాయమను. మట్టిగోడలైతే సున్నం కొట్టించొద్దను. నేనూ వస్తున్నాను. పంటకోతలకి ముగ్గురం తిరిగొచ్చేద్దాం.”

కనుక సంవత్సరీకాలకు వచ్చేటప్పుడు పెద్ద పడవ మాట్లాడుకుని రండి. ఆవిడ అప్పుడే అబ్బులు చేత చెరువు బంకమన్ను తవ్వించి గోనెసంచీకి ఎత్తించారు. “ధవళేశ్వరంలో మన్ను దొరకదాండి?” అని అడిగాను. “అక్కడంతా ఇసకే” అని సంచీ మూతి బిగించి కట్టేశారు.

మీ రాకకు ఎదురుచూసే
లక్ష్మి