షామియానా కింద సోలార్ కుక్కర్

ఓర్వకల్లు, 14-3-2006

నాయనా,

నేను బాగానే ఉండా గానీ ఒళ్లు మండిపోతాంది. ఎండలు ఎందుకు ముదురుతాండాయో, కట్టెలు కాల్చకుండా ఎట్ల వండొచ్చో పిల్లోళ్లకు చెప్పాలని నిన్న మా బడిలో సోలార్ కుక్కర్ పెట్టినా. చూడొచ్చిన పెద్దమనిషికి ఎండ తగులుతాదని హెడ్మాస్టరు కుక్కర్‌ని గూడా షామియానా కిందికి లాగించినాడు. నీడలో బియ్యం యాడ ఉడుకుతాయి? "ఇది ఉత్తదేనమ్మా" అని ఆ పెద్దమనిషి నన్నే ఎగతాళి చేసి, కట్టెల పొయ్యి మీద చేసిన పలావు తిని పోయినాడు. పిల్లోళ్లు గూడా నవ్వినారు. ఈపొద్దు ఎండలో పెట్టి వండితే గిన్నె నాకినారు.

అమ్మకు పొగకొచ్చే దగ్గు తగ్గిందా? నేను కొనిచ్చిన సోలార్ కుక్కర్‌లో నువ్వు మన అంగట్లో అమ్మే చింతపండు పోసి పెట్టినావంట! ఇంక నేను హెడ్మాస్టర్ని ఏమని తిట్టేది? శనివారం వస్తాండా. అంతలోపల దాన్ని మిద్దె మీద ఎండకు పెట్టు.

ఈ కార్డులో దండాలు అమ్మకే. నీకు ఆ కుక్కర్‌లో అన్నం ఉడికినాక పెడతా.

హిమబిందు