శేఖర్‌తో ఆడిన అబద్ధం

బోధన్, ఆదివారం రాత్రి

సాయంత్రం బస్టాండు దగ్గరి హోటల్లో ఒకటే వాదన. మన బాస్కెట్‌బాల్ టీంలోంచి శేఖర్‌ను నిజామాబాద్ వాళ్లకిచ్చి, బదులుగా వాళ్ల పొడుగు పిల్లగాళ్లను ఇద్దరిని తెచ్చుకుంటే ఎట్లా ఉంటుందని.

"ఆట బంగారమే. కానీ వాళ్ల బాపు పోయినప్పటి సంది ఎవ్వల మాట ఇంటలేడు. ప్రాక్టీసుకు రాడు, రిఫరీ మీదికి పోతడు" అన్నాడు కమిటీ పెద్ద గంగన్న.

"ఇద్దరెందుకన్నా, ఒక్కన్నిచ్చినా సాలు!" అన్నారెవరో. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

వెనక బెంచీ మీదినుంచి శేఖర్ లేచి బయటికి వెళ్తుంటే గానీ, వాడక్కడ ఉన్నాడని మాకు తెలియలేదు. నేనొక్కడినే వెంట పరుగెత్తాను.

"నేను రాకముందు గంతమందిల ఒక్కలన్న నన్ను ఉంచుకుందమన్నరా, అన్నా?" అని అడిగాడు.

"నేనన్న" అన్నాను.

ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ అబద్ధం! వాడు మొహం తుడుచుకుని, "పొద్దుగాల ప్రాక్టీసుకొస్త" అన్నాడు.

గంగన్న ఈపాటికే నిజామాబాద్‌కు ఫోన్ చేసేశాడేమో... చేసినా సరే. శేఖర్ గ్రౌండుకు రాకముందే ఆయన ఇంటికి వెళ్లి, ఆ మాట నిజంగా అనాలి. తిడతాడు. తిట్టనీ.